మెదడుకు చేరే తప్పుడు కబురు: సంతాన హార్మోన్ల మీద మందుల ప్రభావం

(ఫార్మసీ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు హాజరైన సభలో ఒక ఫార్మకాలజీ అధ్యాపకురాలు చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో సగం మంది ఫార్మసీ పిల్లలు, సగం మంది వాళ్ళ అమ్మానాన్నలు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెబితే పెద్దవాళ్ళకు కునుకు పడుతుంది. మరీ సులువుగా చెబితే పిల్లలు ఫోన్లు తీస్తారు. అందుకని ఇద్దరికీ తెలిసిన మాత్రతోనే మొదలుపెడతాను.

శ్రావణమాసం వస్తోందంటే మెడికల్ షాపుల్లో ఒక మందు బాగా కదులుతుంది. వరలక్ష్మీ వ్రతమో, ఇంట్లో పెళ్ళో, తిరుపతి ప్రయాణమో ఉంటుంది. "డేట్ వెనక్కి జరిపే మాత్రలు ఇవ్వండి" అని అడుగుతారు. చాలాసార్లు అడిగేది ఆ అమ్మాయి కూడా కాదు. వాళ్ళ తమ్ముడో, భర్తో చీటీ ముక్క మీద పేరు రాయించుకుని వస్తాడు. షాపతను నోరెథిస్టెరాన్ 5 మిల్లీగ్రాముల స్ట్రిప్ తీసి, కత్తెరతో తొమ్మిదో పదో మాత్రలు కత్తిరించి ఇస్తాడు. "రోజుకు మూడు" అంటాడు. అంతటితో సరి.

ఆ మాత్ర లోపలికి వెళ్ళి ఏం చేస్తుందో చూద్దాం. అది తెలిస్తే మిగతా మందుల సంగతి సగం తెలిసినట్టే.

మెదడు అడుగున హైపోథలామస్ అని చిన్న భాగం ఉంది. అది జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను వదులుతుంది. ఆ హార్మోను కిందనే ఉన్న పిట్యూటరీ గ్రంథిని తడుతుంది. పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. అవి ఆడవాళ్ళలో అండాశయాలను, మగవాళ్ళలో వృషణాలను పనిచేయిస్తాయి. అక్కడ తయారైన ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్, టెస్టోస్టిరాన్ తమ పని తాము చేసుకుంటూనే తిరిగి మెదడుకు కబురు పంపుతాయి: "ఇక్కడ సరిపడా ఉంది, నువ్వు కాస్త తగ్గు" అని.

మీ ఇంటి మీద నీళ్ళ ట్యాంకు ఉంది కదా, ఆటోమేటిక్ మోటారుతో. నీళ్ళు నిండి బంతి పైకి తేలితే మోటారు ఆగుతుంది. నీళ్ళు తగ్గి బంతి కిందికి దిగితే మోటారు మళ్ళీ ఆన్ అవుతుంది. మోటారుకు ట్యాంకులో ఏముందో కనపడదు. దానికి తెలిసిందల్లా బంతి ఎక్కడుందన్నదే. ఇప్పుడు ఎవరైనా ట్యాంకు మూత తీసి బంతిని చేత్తో పైకెత్తి పట్టుకున్నారనుకోండి, ట్యాంకు ఖాళీగా ఉన్నా మోటారు తిరగదు. కిందికి నొక్కి పట్టుకుంటే నిండి పొర్లుతున్నా తిరుగుతూనే ఉంటుంది. మనం ఈరోజు మాట్లాడుకునే మందుల్లో చాలావాటి పని ఇదే. ట్యాంకు జోలికి పోకుండా బంతితో ఆడుకుంటాయి.

నోరెథిస్టెరాన్ దగ్గరికి వద్దాం. అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలిన భాగం సుమారు రెండు వారాల పాటు ప్రొజెస్టెరాన్ తయారుచేస్తుంది. గర్భసంచి లోపలి పొర నిలబడేది ఆ ప్రొజెస్టెరాన్ ఆసరాతోనే. గర్భం రాకపోతే ఆ తయారీ ఆగిపోతుంది, రక్తంలో దాని మట్టం పడిపోతుంది, పొర ఊడి వస్తుంది. అదే నెలసరి. నోరెథిస్టెరాన్ ప్రొజెస్టెరాన్‌లా నటించే మందు. సొంత హార్మోను పడిపోతున్న సమయానికి ఇది రక్తంలో ఉంటే, తేడా వచ్చిందని ఆ పొరకు తెలియదు, నిలబడే ఉంటుంది. మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకు ఊడుతుంది. అందుకే డేట్‌కు మూడు రోజుల ముందే మొదలుపెట్టమంటారు. మరక కనపడిన రోజున కంగారుగా తెప్పించుకుని వేసుకుంటే చాలామందికి పనిచేయదు. పొర అప్పటికే ఊడటం మొదలైపోయి ఉంటుంది.

ఆ చీటీ మీద రాయని సంగతి ఒకటుంది. నోరెథిస్టెరాన్‌లో కొద్ది భాగం శరీరంలో ఇథినైల్ ఈస్ట్రడియాల్‌గా మారుతుంది. అది గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజనే. రోజుకు 15 మిల్లీగ్రాములు వేసుకునేవాళ్ళలో ఆ మోతాదు, తక్కువ డోసు గర్భనిరోధక మాత్రలో ఉండేదానికి దగ్గరగా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ళ అమ్మాయికి వారం రోజులు పెద్ద సమస్య కాకపోవచ్చు. కానీ గతంలో కాలి నరాల్లో రక్తం గడ్డకట్టినవాళ్ళు, ఇంట్లో దగ్గరివాళ్ళకు అలాంటి చరిత్ర ఉన్నవాళ్ళు, కళ్ళ ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్ళు అడక్కుండా వేసుకోకూడదు. ఆ మాటలు అడగటానికి షాపులో అర నిమిషం చాలు. ఎదురుగా నిలబడింది తమ్ముడైతే మాత్రం ఏం అడుగుతారు?

ఈ మాత్ర చిన్నది కాదు, చరిత్ర ఉన్నది. 1951లో మెక్సికో సిటీలో సింటెక్స్ అనే కంపెనీ ల్యాబ్‌లో కార్ల్ జెరాసీ బృందంలోని లూయిస్ మిరామోంటెస్ అనే కుర్రవాడు దీన్ని తయారుచేశాడు. అప్పటికి ఇంకా విద్యార్థే. మెక్సికో అడవుల్లో దొరికే ఒక రకం దుంప నుంచి హార్మోన్లు తీయవచ్చని రసెల్ మార్కర్ కనిపెట్టాక అక్కడ ఈ పరిశ్రమే పుట్టుకొచ్చింది. నోటితో వేసుకున్నా లివర్‌లో విరిగిపోకుండా నిలిచే ప్రొజెస్టెరాన్ లాంటి పదార్థం కోసం వెతికితే దొరికింది ఇది. ఆ తర్వాత కొన్నేళ్ళకే గర్భనిరోధక మాత్ర వచ్చింది. అమెరికాలో 1957లో దాన్ని నెలసరి ఇబ్బందుల మందుగా అనుమతించారు, 1960లో గర్భనిరోధకంగా. ఆ తొలి మాత్రలో హార్మోన్ల మోతాదు ఇప్పటి మాత్రలతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ.

దాంట్లో ఒక తమాషా ఉంది. మొదట్లో ఆ మాత్రలో ప్రొజెస్టిన్, అంటే ప్రొజెస్టెరాన్‌లా నటించే మందు, మాత్రమే ఉందనుకున్నారు. తయారీలో కొంచెం ఈస్ట్రోజన్ కల్తీగా కలుస్తోందని తర్వాత తెలిసింది. శుభ్రం చేసి చూస్తే, వాడిన ఆడవాళ్ళకు మధ్యమధ్యలో రక్తస్రావం మొదలైంది. మళ్ళీ ఆ కల్తీనే కొలిచి మరీ కలిపారు. ఈరోజుకీ మాత్రలో రెండూ ఉండేది అందుకే. రెండూ కలిసి బంతిని పైకెత్తి పట్టుకుంటాయి. పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ తగ్గిస్తుంది, అండం పెరగదు, విడుదల కాదు.

బంతి దిగిపోతే ఏమవుతుందో చూడాలంటే మెనోపాజ్ దాటినవాళ్ళను చూడాలి. అండాశయాలు పనిచేయడం ఆపేశాయి, ఈస్ట్రోజన్ లేదు. పిట్యూటరీకి అది తెలుసుకునే దారి లేదు. ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ పంపిస్తూనే ఉంటుంది. అవన్నీ మూత్రంలో బయటికి పోతాయి. ఇటలీలో సెరోనో అనే కంపెనీ ఈ మూత్రాన్నే మందుగా మార్చింది. ఒకేచోట చాలామంది పెద్ద వయసు ఆడవాళ్ళు కావాలి, వాళ్ళలో ఎవరూ గర్భవతి అయ్యే అవకాశం ఉండకూడదు. ఎక్కడ దొరుకుతారు? క్రైస్తవ సన్యాసినుల వృద్ధాశ్రమాల్లో దొరికారు. [నవ్వులు] నవ్వకండి, నిజంగానే అక్కడి నుంచే డబ్బాల్లో సేకరించారు. బ్రూనో లూనెన్‌ఫెల్డ్ అనే డాక్టరు ఇజ్రాయెల్‌లో ఆ మందు వాడి చూస్తే 1962లో తొలి బిడ్డ పుట్టింది. పెళ్ళే చేసుకోని అమ్మమ్మల పుణ్యాన ఎక్కడో ఎవరికో సంతానం. ఇప్పుడు ఈ హార్మోన్లను ఎక్కువగా ల్యాబుల్లో కణాల ద్వారా తయారుచేస్తున్నారు గానీ, మూత్రం నుంచి తీసినవి ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

పిల్లల కోసం చికిత్సకు వెళ్ళిన ప్రతి జంటకూ తెలిసిన మాత్రలు రెండున్నాయి: క్లోమిఫిన్, లెట్రోజోల్. రెండింటి లక్ష్యం ఒకటే, పిట్యూటరీ చేత ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువ పంపించడం. దారులు వేరు. క్లోమిఫిన్ మెదడులో ఈస్ట్రోజన్ అంటుకునే చోట తాను కూర్చుంటుంది, ఈస్ట్రోజన్ ఉన్నా లేనట్టే అనిపిస్తుంది. బంతిని కిందికి నొక్కిపట్టడం అన్నమాట. లెట్రోజోల్ ఈస్ట్రోజన్ తయారయ్యే ఎంజైమునే ఆపుతుంది, అంటే నిజంగానే నీళ్ళు తగ్గిస్తుంది. క్లోమిఫిన్‌తో చిక్కేమిటంటే, అందులో ఒక భాగం వారాల తరబడి ఒంట్లో ఉండిపోతుంది, గర్భసంచి పొర దగ్గర కూడా ఈస్ట్రోజన్‌ను అడ్డుకుంటుంది. ఫాలిక్యులర్ స్కాన్‌లో అండం బాగా పెరిగిందని సంతోషించేలోపే "లోపలి పొర పలచగా ఉందమ్మా" అనే మాట వినపడుతుంది. లెట్రోజోల్ కొన్ని రోజుల్లోనే వెళ్ళిపోతుంది, పొరకు అంత ఇబ్బంది ఉండదు.

ఈ లెట్రోజోల్‌కు మన దేశంలో ఒక కథ ఉంది. ఇది అసలు రొమ్ము క్యాన్సర్ మందు. సంతానం కోసం వాడటాన్ని 2011 అక్టోబరులో భారత ప్రభుత్వం నిషేధించింది. పుట్టే బిడ్డలకు లోపాలు వస్తాయేమోనన్న అనుమానం ఒక కారణం. నిషేధం ఉండగానే, 2014లో అమెరికా నుంచి ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడా వల్ల అండం సరిగ్గా విడుదల కాని సమస్య ఉన్న 750 మంది ఆడవాళ్ళలో సగం మందికి లెట్రోజోల్, సగం మందికి క్లోమిఫిన్ ఇచ్చారు. బిడ్డ పుట్టినవాళ్ళు లెట్రోజోల్ వైపు 27.5 శాతం, క్లోమిఫిన్ వైపు 19.1 శాతం. లోపాల విషయంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఇక్కడ నిషేధం ఎత్తేసింది 2017లో. అనుమానం వచ్చినప్పుడు ఆపడాన్ని నేను తప్పుపట్టను. రుజువులు వచ్చాక మూడేళ్ళు ఆగడం మాత్రం, పిల్లల కోసం వయసుతో పరుగుపెట్టే ఆడవాళ్ళ వైపు నుంచి చూస్తే చాలా ఎక్కువ.

ఇక ట్యాంకు పోలికను ఇక్కడే వదిలేయాలి. ఇకముందు అది పనికిరాదు. ఒక కారణం చెబుతాను. నెల మధ్యలో ఈస్ట్రోజన్ బాగా పెరిగి దాదాపు రెండు రోజులు అదే మట్టంలో నిలబడితే పిట్యూటరీ తగ్గదు, ఉన్నట్టుండి ఎల్‌హెచ్ కుమ్మరించేస్తుంది. అప్పటిదాకా "తగ్గు" అన్న కబురే ఇప్పుడు "కానివ్వు" అవుతుంది. ఆ ఎల్‌హెచ్ ఉప్పెన మొదలైన 36 గంటలకు అటూఇటూగా అండం విడుదలవుతుంది. చికిత్సలో అండం విడుదల చేయించడానికి ట్రిగ్గర్ ఇంజెక్షన్ అంటారు చూడండి, గంట, నిమిషం రాసిచ్చి రాత్రి పదకొండింటికే వేయించుకోమంటారు, ఆ పట్టింపు ఈ 36 గంటల లెక్క కోసమే.

రెండో కారణం ఇంకా చిత్రంగా ఉంటుంది. నాకు ఈ సబ్జెక్టు మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇది. హైపోథలామస్ వదిలే జీఎన్‌ఆర్‌హెచ్‌ను పట్టుకోవడానికి ఆండ్రూ షాలీ, రోజర్ గిల్మాఁ అనే ఇద్దరు ఏళ్ళ తరబడి పోటీపడ్డారు. ఒకాయన పంది మెదళ్ళు, ఇంకొకాయన గొర్రె మెదళ్ళు. లక్షల లెక్కన కబేళాల నుంచి తెప్పించుకుంటే ఆవగింజంత కూడా దొరకదు. 1971లో నిర్మాణం తేలింది: పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. 1977లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అందరూ ఏమనుకున్నారు? ఇక దీన్నే ఇంజెక్షన్‌గా ఇస్తే పిట్యూటరీ చురుగ్గా పనిచేస్తుంది, పిల్లలు లేనివాళ్ళ కష్టం తీరుతుంది అని.

పిట్స్‌బర్గ్‌లో ఎర్నస్ట్ నోబిల్ బృందం కోతుల మీద చేసి చూసింది. కోతి మెదడులో జీఎన్‌ఆర్‌హెచ్ వచ్చే చోటును తీసేశారు. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పడిపోయాయి. అప్పుడు పంపుతో జీఎన్‌ఆర్‌హెచ్‌ను ఆగకుండా ఎక్కించారు. ఏమీ కాలేదు, పిట్యూటరీ మౌనంగానే ఉండిపోయింది. అదే మందును గంటకు ఒకసారి, ఆరు నిమిషాల పాటు మాత్రం ఇచ్చి ఆపారు. గంటకొకసారి, గంటకొకసారి. రెండు హార్మోన్లూ తిరిగి వచ్చేశాయి! పిట్యూటరీకి కబురు ఎంత గట్టిగా వస్తోందన్నది కాదు, లయలో వస్తోందా లేదా అన్నది కావాలి. 1978లో ఇది ప్రచురించారు.

దీని మీద ఎంత పెద్ద వైద్యం నిలబడిందో చెబుతాను. ల్యూప్రోలైడ్ అని ఇంజెక్షన్ ఉంది, నెలకొకటి. జీఎన్‌ఆర్‌హెచ్‌ను కొద్దిగా మార్చి, ఒంట్లో ఎక్కువసేపు నిలిచేలా చేసినదే. పనిచేసే తీరు చూస్తే ప్రేరేపించే మందు. వాడేది మాత్రం ఆపడానికి! ఆగకుండా తట్టేసరికి పిట్యూటరీ ఆ కబురును పట్టించుకునే రిసెప్టర్లను లోపలికి లాగేసుకుంటుంది. మూడు నాలుగు వారాల్లో ఈస్ట్రోజన్, టెస్టోస్టిరాన్ అడుగంటుతాయి. ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి పొర లాంటిది బయట పెరిగే జబ్బు, దాని నొప్పితో మెలికలు తిరిగేవాళ్ళకు, గర్భసంచిలో పెరిగే పెద్ద ఫైబ్రాయిడ్ గడ్డలకు ఆపరేషన్ ముందు, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇస్తారు. ఆరేడేళ్ళకే పెద్దమనిషి అయ్యే పాపలకు కూడా. ఆ పాపలకు కొన్నేళ్ళు ఇచ్చి సరైన వయసుకు ఆపేస్తే, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి ఎదుగుదల మళ్ళీ మొదలవుతుంది. తల్లులు అడిగే మొదటి ప్రశ్న "తర్వాత పిల్లలు పుడతారా మేడమ్" అనే. మందు ఆపాక ఆ వ్యవస్థ తిరిగి నడుస్తుంది, ఆ విషయంలో ధైర్యంగా ఉండవచ్చు.

కాకపోతే మొదటి వారం పది రోజులు జాగ్రత్త. రిసెప్టర్లు తగ్గేలోపు ఈ మందు ప్రేరేపిస్తుంది కదా, టెస్టోస్టిరాన్ ముందు పెరుగుతుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నెముకకు పాకిన పెద్దాయనకు ఆ కొద్ది రోజుల పెరుగుదల చాలు, వాపు వెన్నుపామును నొక్కి కాళ్ళు పడిపోవడానికి. అందుకే ముందుగానే టెస్టోస్టిరాన్‌ను అడ్డుకునే మాత్ర, బైకాలుటమైడ్ లాంటిది, తోడు ఇస్తారు. "ఇంజెక్షన్ వేశారుగా, మళ్ళీ ఈ మాత్రలెందుకు, డబ్బులు దండుకోవడానికి" అని ఆపేసేవాళ్ళున్నారు. వాళ్ళకు ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పాలి. డెగరెలిక్స్ లాంటి కొత్తవి నేరుగా అడ్డుపడతాయి, వాటికి ఈ మొదటి పొంగు ఉండదు. ధర ఎక్కువ.

మగపిల్లల తల్లిదండ్రులు ఇప్పుడు కాస్త వినండి. జిమ్‌లో "సైకిల్ వేస్తున్నా అన్నా" అంటే సైకిలు తొక్కడం కాదు, వారాల లెక్కన టెస్టోస్టిరాన్, దాని బంధువుల ఇంజెక్షన్లు తీసుకోవడం. కండలు వస్తాయి, నిజమే. కానీ బయటినుంచి అంత టెస్టోస్టిరాన్ వచ్చేసరికి పిట్యూటరీ ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఆపేస్తుంది. వీర్యకణాలు తయారవడానికి వృషణాల లోపల టెస్టోస్టిరాన్ రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి. ఆ మట్టం ఎల్‌హెచ్ వల్ల అక్కడికక్కడ తయారైతేనే వస్తుంది, తొడకు వేసిన ఇంజెక్షన్‌తో రాదు. రక్తంలో మగ హార్మోను పొంగిపొర్లుతుంటుంది, లోపల కరువు. కౌంట్ సున్నాకు పడుతుంది, వృషణాలు చిన్నవవుతాయి. ఎంత కచ్చితంగా పడుతుందంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మగవాళ్ళ గర్భనిరోధకంగా పరీక్షించింది. వారానికి 200 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌తో ఆరు నెలల్లో సగానికి పైగా మగవాళ్ళకు కౌంట్ సున్నా అయింది. ఆ ఫలితాలు వచ్చింది 1990లో. జిమ్‌లో కొందరు వాడేది అంతకంటే ఎక్కువ మోతాదు.

ఇంకా బాధ కలిగించేదేమిటంటే, పిల్లలు పుట్టడం లేదని వెళ్ళినవాడికి నీరసం అంటే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఉన్న కౌంట్ కాస్తా పోతుంది. ఆపేస్తే చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో తిరిగి వస్తుంది, కొందరికి ఇంకా ఆలస్యమవుతుంది. వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి తొందరపెట్టి లాభం లేదు. తిరిగి లేపడానికి ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్లో, ఇందాక చెప్పుకున్న క్లోమిఫిన్ మాత్రో ఇస్తారు. అవును, ఆడవాళ్ళకు ఇచ్చే ఆ మాత్రే. మెదడు దగ్గర పని ఇద్దరిలోనూ ఒకటే.

ఇప్పటిదాకా చెప్పినవి హార్మోన్ల కోసమే వేసుకునే మందులు. నన్ను ఎక్కువ కలవరపెట్టేవి వేరే ఉన్నాయి. వాటి మీద హార్మోను అన్న మాటే ఉండదు.

గ్యాస్ ట్రబుల్ మాత్ర తెలియనివాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? పరగడుపున ఒకటి. రెబెప్రజోల్, పాంటోప్రజోల్‌తో పాటు ఆ క్యాప్సూల్‌లో చాలాసార్లు రెండో మందు ఉంటుంది, డోంపెరిడోన్ గానీ లెవోసల్పిరైడ్ గానీ. ఆహారం త్వరగా కిందికి దిగడానికి. ఇవి మెదడు కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. పిట్యూటరీలో ప్రొలాక్టిన్ అనే పాల హార్మోనును నిరంతరం అణిచి ఉంచేది డోపమైనే. ఆ అణచివేత పోతే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. పెరిగిన ప్రొలాక్టిన్ హైపోథలామస్ లయను చెడగొడుతుంది. నెలసరి తప్పుతుంది, బిడ్డ లేకుండానే పాలు కారతాయి. డోంపెరిడోన్ మెదడులోకి వెళ్ళదని చదువుకున్నాం కదా అని పిల్లలు అడగవచ్చు. నిజమే, రక్తంలోని చాలా మందుల్ని మెదడులోకి రానివ్వని అడ్డుగోడ ఒకటుంది, కానీ పిట్యూటరీ ఆ అడ్డుగోడకు బయట ఉంది.

ఓపీలో ఈ వరస ఎలా నడుస్తుందో చెబుతాను. ముప్ఫై ఏళ్ళావిడ మూడు నెలలుగా నెలసరి రాలేదని వస్తుంది. గర్భం లేదు. రొమ్ము నుంచి పాలలాంటి చుక్కలు. ప్రొలాక్టిన్ పరీక్ష చేస్తే మామూలుగా 25 లోపు ఉండాల్సింది వంద దాటి ఉంటుంది. "తలలో గడ్డ ఉందేమో, ఎంఆర్‌ఐ తీయించండి" అనగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్. స్కాన్‌కు వేలల్లో ఖర్చు. అప్పుడు ఎవరో ఒక నర్సమ్మ "అమ్మా, ఏమైనా మందులు వాడుతున్నావా" అంటుంది. "లేదండీ, గ్యాస్ మాత్ర ఒక్కటే." సంచిలోంచి స్ట్రిప్ తీస్తే వెనకాల సన్నని అక్షరాల్లో లెవోసల్పిరైడ్ 75. ఆరు నెలలుగా వేసుకుంటోంది. రాసిచ్చింది రెండు వారాలకు. ఆపేసి కొన్ని రోజులు ఆగి మళ్ళీ పరీక్ష చేస్తే ప్రొలాక్టిన్ దిగిపోతుంది. మనవాళ్ళ లెక్కలో గ్యాస్ మాత్ర మందు కాదు, అదే చిక్కు. "మందులు వాడుతున్నారా" అని అడిగితే లాభం లేదు, "పొద్దున లేచిన దగ్గర్నుంచి నోట్లో ఏమేం వేసుకుంటారు" అని అడగాలి.

మానసిక వైద్యంలో వాడే రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ కూడా ఇదే పని చేస్తాయి. కానీ వాటిని ఎవరూ సొంతంగా ఆపకూడదు. నెలసరి తప్పడం కన్నా జబ్బు తిరగబెట్టడం పెద్ద నష్టం. డాక్టరుకు చెబితే ప్రొలాక్టిన్‌ను అంతగా పెంచని మందుకు మార్చే వీలుంటుంది. గుండెకు, బీపీకి వాడే స్పైరనోలాక్టోన్ మగవాళ్ళలో రొమ్ము పెంచవచ్చు. దీర్ఘకాలం వాడే మార్ఫిన్ జాతి నొప్పి మందులు జీఎన్‌ఆర్‌హెచ్‌నే తగ్గిస్తాయి.

నేను చెప్పాలనుకున్నవి ఇవి. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక తల్లి: మేడమ్, గేదెలకు ఇంజెక్షన్లు వేసి పాలు పితుకుతున్నారు, అందుకే ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతున్నారు అంటారు. నిజమేనా?)

ప్రతి సభలోనూ ఈ ప్రశ్న వస్తుందమ్మా. ఆ ఇంజెక్షన్ ఆక్సిటోసిన్. పాలు చేపడానికి వేస్తారు. గేదె పట్ల అది క్రూరత్వమే, వేయకూడదు. కానీ ఆక్సిటోసిన్ తొమ్మిది అమైనో ఆమ్లాల గొలుసు. రక్తంలోనే నిమిషాల్లో విరిగిపోతుంది. పాలలో కాస్తో కూస్తో ఉన్నా పొట్టలో పప్పులోని ప్రొటీన్ అరిగినట్టే అరిగిపోతుంది. ఇన్సులిన్‌ను మాత్రగా వేసుకోలేకపోవడానికీ కారణం అదే. పైగా ఆక్సిటోసిన్‌కు యవ్వనాన్ని మొదలుపెట్టే పని లేదు. పిల్లలు ముందుగా ఎదగడానికి ఒళ్ళు రావడంతో సంబంధం బలంగా కనపడుతోంది. కొవ్వు కణాలు వదిలే లెప్టిన్ హైపోథలామస్‌కు "ఒంట్లో నిల్వలున్నాయి" అని చెబుతుంది. పాలను అనుమానించడం సులువు. చిప్స్ ప్యాకెట్టును అనుమానించడం మనకు కష్టం. [నవ్వులు] ఎనిమిదేళ్ళు నిండకుండానే రొమ్ములు పెరగడం మొదలైతే మాత్రం పాలు మానిపించి కూర్చోకండి, పిల్లల డాక్టరుకు చూపించండి.

(ఒక విద్యార్థి: సార్లు చెప్పారు, రక్షణ లేకుండా కలిశాక గర్భం రాకుండా వేసుకునే 72 గంటల మాత్ర అబార్షన్ చేయదని. మరి ఎలా పనిచేస్తుంది?)

సరిగ్గానే చెప్పారు. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు ఎల్‌హెచ్ ఉప్పెన రాకముందు పడితే దాన్ని వాయిదా వేస్తుంది, అండం ఆలస్యంగా విడుదలవుతుంది. ఉప్పెన మొదలైపోయాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. అప్పటికే గర్భం ఉంటే దానికేమీ చేయదు. అందుకే 72 గంటలన్నారు కదా అని మూడో రోజు దాకా ఆగకూడదు, ఎంత ముందు వేసుకుంటే అంత మంచిది. నెలనెలా దీనితోనే నెట్టుకొచ్చేవాళ్ళకు నెలసరి తేదీలు గందరగోళమవుతాయి, నమ్మకమైన రక్షణా ఉండదు.

(ఒక తండ్రి: ఆశా వర్కర్లు వారానికొక మాత్ర ఇస్తున్నారు, అది కూడా ఇలాంటిదేనా?)

అది ఛాయ, బజారులో పేరు సహేలీ. వేరే జాతి మందు, ఆర్మెలాక్సిఫెన్. లక్నోలోని సెంట్రల్ డ్రగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో మనవాళ్ళే కనిపెట్టారు. 1991లో బజారులోకి వచ్చింది, 2016లో జాతీయ కార్యక్రమంలోకి తీసుకున్నారు. స్టెరాయిడ్ కాదు. మామూలుగా అండం విడుదలను ఆపదు, ప్రధానంగా గర్భసంచి దగ్గర పనిచేస్తుంది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. కొందరికి నెలసరి ఆలస్యమవుతుంది, అది దాని గుణమే. పాలిచ్చే తల్లులూ వాడవచ్చు. అదే కార్యక్రమంలో అంతర అని మూడు నెలలకొక ఇంజెక్షన్ ఇస్తారు, అది వేరు. అది పిట్యూటరీని నిద్రపుచ్చుతుంది. ఆపాక గర్భం రావడానికి, చివరి ఇంజెక్షన్ వేసిన రోజు నుంచి లెక్కేస్తే, చాలామందికి ఏడు నుంచి పది నెలలు పడుతుంది. వచ్చే ఏడాదే బిడ్డ కావాలనుకునేవాళ్ళకు ముందే చెప్పి వేయాలి.

(ఒక విద్యార్థిని: యాంటీబయాటిక్స్ వాడితే గర్భనిరోధక మాత్ర పనిచేయదంటారు కదా మేడమ్?)

మామూలు అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్‌తో ఆ భయం లేదు, మాత్ర తీసుకున్న వెంటనే వాంతులు, విరేచనాలు అయితే తప్ప. అసలు ప్రమాదం రిఫాంపిసిన్‌తో. టీబీ కోర్సులో ఉండేది, మూత్రం ఎర్రగా వచ్చేది. అది లివర్‌లోని ఎంజైములను ఎంతగా పెంచుతుందంటే మాత్రలోని హార్మోన్లు పనిచేసేలోపే కరిగిపోతాయి. ఫిట్స్‌కు వాడే కార్బమజెపిన్, ఫెనిటోయిన్‌తో కూడా అంతే. టీబీ మందులు వాడుతున్న ఆడవాళ్ళు మాత్ర మీద ఆధారపడకూడదు. కాపర్-టీ వేయించుకోవచ్చు, దానికి లివర్‌తో పని లేదు. ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, టీబీ కోర్సు పూర్తయిన రోజునే ఆ ఎంజైములు మామూలు స్థితికి రావు. మరో నాలుగు వారాలు పడుతుంది. అప్పటిదాకా వేరే రక్షణ ఉండాల్సిందే.